లూపస్ ఉన్నవాళ్లు మూలికలు, నాటు మందులు వాడాలంటే ఏం చూసుకోవాలి?

లూపస్ అని తేలిన ఇంటికి సలహాలు తొందరగా చేరతాయి. పక్కింటి పిన్ని దొడ్లోని తిప్పతీగ కోసుకొచ్చి ఇస్తుంది. మావయ్య సీతంపేట సంతలో ఏదో వేరు కొని తెస్తాడు. బంధువులెవరో ఫోన్‌కి వీడియో పంపి, ఈ కషాయం మండలం రోజులు తాగితే జబ్బు వేళ్లతో సహా పోతుందంటారు. అందరిదీ ప్రేమే, కాదనలేం. కానీ లూపస్ విషయంలో ప్రేమతో ఇచ్చిన ఆ గ్లాసే ఒక్కోసారి కిడ్నీల మీదకో లివర్ మీదకో తెస్తుంది. మా చెల్లికి ఈ జబ్బు ఉంది. మా ఇంట్లో మూలికల మీద నమ్మకమూ ఉంది. రెండింటినీ ఒకే ఇంట్లో ఎలా నడపాలో తెలుసుకున్నది వరసగా రాస్తున్నాను. మీ డాక్టరు చెప్పేదానికి ఇది బదులు కాదు. డాక్టరు దగ్గర ఏం అడగాలో, ఇంట్లో దేనికి వద్దనాలో చెప్పడానికి పనికొస్తుంది.

లూపస్ అంటే సూక్ష్మక్రిముల మీద పోరాడాల్సిన మన రోగనిరోధక వ్యవస్థే మన ఒంటి మీద తిరగబడటం. కీళ్లు, చర్మం, కిడ్నీలు, రక్తకణాలు, గుండె చుట్టూ ఉండే పొర, ఎక్కడైనా మంట పుట్టించవచ్చు. వచ్చేవాళ్లలో 10 మందికి 9 మంది ఆడవాళ్లే, ఎక్కువగా 15 నుంచి 45 ఏళ్ల మధ్యవాళ్లు. ఎండకి బుగ్గల మీద, ముక్కు మీద ఎర్రగా పొక్కడం, పొద్దున్న లేవగానే వేళ్లు బిగుసుకుపోవడం, కారణం తెలియని జ్వరం, జుట్టు రాలడం, నోట్లో పుళ్లు, ఎంత పడుకున్నా తీరని నీరసం. ఇవన్నీ అందరికీ ఉండవు, ఒకేసారి రావు. అందుకే చాలామంది రెండు మూడేళ్లు కీళ్లవాతమనో రక్తహీనతనో తిరిగి తిరిగి అసలు జబ్బుకి చేరతారు.

మొదట: మీ జబ్బు ఒంట్లో ఎక్కడ ఉందో కాగితం మీద పెట్టుకోండి

ఏ ఆకు మంచిది అన్న ప్రశ్న కంటే ముందు నా కిడ్నీలు, లివర్ ఎలా ఉన్నాయి అన్న ప్రశ్న రావాలి. ఒకే ఆకు ఒకరికి కూర, ఇంకొకరికి ప్రమాదం. ఒక నోటుబుక్కు తీసుకుని మొదటి పేజీలో ఇవి రాసుకోండి: క్రియాటినిన్ ఎంత, మూత్రంలో ప్రొటీన్ పోతోందా, పొటాషియం ఎంత, లివర్ పరీక్ష ఎలా వచ్చింది, హిమోగ్లోబిన్, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు, లూపస్ ఎంత రేగి ఉందో చెప్పే సీ3, సీ4, యాంటీ డీఎస్ డీఎన్ఏ. రక్తం పలచబడే మందు వాడుతున్నారా, బీపీ ఉందా, గర్భం ఆలోచన ఉందా అన్నదీ రాయండి. లూపస్ అనుమానంతో చేసే ఏఎన్ఏ రక్తపరీక్ష ఒక్కటి పాజిటివ్ వచ్చిందని లూపస్ అని తేల్చుకోకండి. జబ్బు లేని ఆరోగ్యవంతుల్లో కూడా కొందరికి అది పాజిటివ్ వస్తుంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వాళ్లకి ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు కాళ్లు వాచాయంటే, క్రియాటినిన్ పెరిగిందంటే, అందరూ "ఉద్దానం కిడ్నీ" అనేస్తారు. కారణం ఇంకా పూర్తిగా తేలని ఆ జబ్బులో సాధారణంగా మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు. లూపస్ కిడ్నీని పట్టినప్పుడు ప్రొటీన్ బాగా పోతుంది, మూత్రం నురగ కడుతుంది, రక్తకణాలు కూడా కనిపిస్తాయి. లూపస్ కిడ్నీ జబ్బును వేళకి పట్టుకుంటే మందులతో అదుపు చేయవచ్చు. కాబట్టి ఇరవై ముప్పై ఏళ్ల ఆడపిల్లకి కిడ్నీ సమస్య అని చెబితే, "మూత్రంలో ప్రొటీన్ చూశారా? ఏఎన్ఏ చేయించాలా?" అని మీరే అడగండి. అడగడంలో తప్పు లేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి వచ్చాయి. ఈ వైపు వాళ్లకి కిడ్నీ డాక్టరు కోసం ప్రతిసారీ విశాఖ పరుగెత్తాల్సిన బాధ కొంత తగ్గింది. లూపస్, కీళ్లవాతం లాంటి జబ్బులు చూసే రుమటాలజిస్టు కోసం మాత్రం ఇప్పటికీ చాలామంది విశాఖే వెళ్తున్నారు.

డాక్టరు ఇచ్చిన మందు ఆపి మూలిక మొదలుపెట్టకండి

లూపస్ ఉన్న దాదాపు అందరికీ ఇచ్చే మందు హైడ్రాక్సీక్లోరోక్విన్. ఇది అసలు మలేరియా మందు. జబ్బు మళ్లీ మళ్లీ విజృంభించకుండా, కిడ్నీల దాకా వెళ్లకుండా కాపాడటంలో దీనికి సాటి వచ్చే మూలిక ఏదీ ఇప్పటిదాకా లేదు. రోజుకి మోతాదు మీ బరువులో కిలోకి 5 మిల్లీగ్రాములు దాటకుండా చూస్తారు. 50 కిలోల మనిషికి 250 మిల్లీగ్రాములన్నమాట. కళ్లు పోతాయని భయపెట్టి దీన్ని మాన్పించేవాళ్లు ఊరికి ఇద్దరుంటారు. మొదటి ఏడాదిలో ఒకసారి కంటి పరీక్ష, అయిదేళ్లు దాటాక ఏడాదికోసారి పరీక్ష చేయించుకుంటే ఆ భయం చాలావరకు అక్కర్లేదు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకి ఇంకా ముందు నుంచే చూస్తారు.

ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ సంగతి ఇంకా జాగ్రత్త. కొన్ని వారాలపాటు వాడాక మన ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ తగ్గిపోతుంది. ఆ స్థితిలో కషాయం మొదలుపెట్టాం కదా అని మాత్ర ఒక్కసారి ఆపేస్తే వాంతులు, బీపీ పడిపోవడం, స్పృహ తప్పడం దాకా వెళ్లవచ్చు. తగ్గించాలంటే డాక్టరు చెప్పినట్టు మెట్టు మెట్టుగా తగ్గించాలి.

ఇంకో అలవాటు చుట్ట. మన వైపు పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్లు అడ్డపొగ (నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని) తాగడం ఇప్పటికీ ఉంది. పొగ తాగేవాళ్లలో చర్మం మీద లూపస్ మొండికేస్తుంది, హైడ్రాక్సీక్లోరోక్విన్ కూడా సరిగా పనిచేయదు. ఏ మూలిక మొదలుపెట్టడం కన్నా ముందు చుట్ట మానడం ఎక్కువ మేలు చేస్తుంది.

"ఇమ్యూనిటీ పెంచుతుంది" అని రాసి ఉంటే పక్కన పెట్టండి

మొత్తం ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే ఇది గుర్తుపెట్టుకోండి. మామూలు మనిషికి రోగనిరోధక శక్తి పెరగడం మంచిది. లూపస్‌లో అదే శక్తి అదుపు తప్పి ఒంటిని తింటోంది. డాక్టరు మందులతో దాన్ని తగ్గిస్తుంటే మనం మూలికతో దాన్ని రెచ్చగొట్టడం, కాలువకి గండి పూడుస్తున్నవాళ్ల పక్కనే నిలబడి ఇంకో గండి కొట్టడంలాంటిది.

తిప్పతీగతో మొదలుపెడదాం, ఎందుకంటే ప్రతి కంచెకీ ఉంటుంది, కోవిడ్ రోజుల్లో దాన్ని తాగని ఇల్లు తక్కువ. 2021లో ముంబై డాక్టర్లు తిప్పతీగ వాడాక లివర్ దెబ్బతిన్న కొందరి వివరాలు రాశారు. మరుసటి ఏడాది దేశంలోని పలు ఆసుపత్రుల నుంచి అలాంటి 43 మంది వివరాలు బయటికి వచ్చాయి. చాలామందిలో అది సొంత రోగనిరోధక వ్యవస్థే లివర్ మీద తిరగబడ్డ తీరులో కనిపించింది. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ వాదనను ఒప్పుకోలేదు. ఆ వాదం ఎటు తేలినా, లూపస్ ఉన్న మనిషి మాత్రం ఆ ప్రయోగం తన ఒంటి మీద చేసుకోనక్కర్లేదు. తిప్పతీగ వద్దు.

అశ్వగంధ కూడా ఇదే వరసలోది. బలానికి, నిద్రకి అని చూర్ణంగానో మాత్రగానో ఇస్తారు. రోగనిరోధక కణాలను ప్రేరేపిస్తుంది, కొందరిలో లివర్ దెబ్బతిన్న సంఘటనలూ ఉన్నాయి. నేలవేము కషాయం, స్పిరులినా మాత్రలు, ఎకినేసియా కలిసిన జలుబు మందులు, అల్‌ఫాల్ఫా మొలకలు, వాటి పొడులు కూడా వద్దు. అల్‌ఫాల్ఫాలో ఉండే ఎల్-కెనావనిన్ అనే పదార్థం లూపస్‌ను రేపుతుందని ఎప్పటి నుంచో తెలుసు. వెల్లుల్లి గురించి అడుగుతారు. పోపులో రెండు రెబ్బలు వేసుకోండి, వెల్లుల్లి మాత్రలు, పొద్దున్నే పరగడుపున గుప్పెడు పచ్చి రెబ్బలు మాత్రం మానేయండి.

రెండో రకం కిడ్నీలను పాడుచేసేవి. ఈశ్వరి వేరు పాముకాటుకి, విషాలకి అని పల్లెల్లో పేరున్న మందు. ఆ జాతి మొక్కల్లో అరిస్టలోకిక్ ఆమ్లం ఉంటుంది. అది కిడ్నీలను శాశ్వతంగా పాడుచేస్తుంది, మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా తెస్తుంది. అసలే కిడ్నీ భయం ఉన్న జబ్బులో దాని జోలికి పోనే కూడదు. సీసాల్లో ఎక్కువ ధరకి అమ్మే నోని జ్యూస్‌లో పొటాషియం ఎక్కువ. కిడ్నీ సరిగా పనిచేయనివాళ్లకి అది గుండె లయ తప్పేదాకా తీసుకెళ్లగలదు. ఇక లోహాలను కాల్చి చేసే భస్మాలు. అమెరికాలో 2008లో అచ్చయిన ఒక పరిశోధనలో ఇంటర్నెట్‌లో అమ్ముతున్న 193 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే దాదాపు అయిదో వంతులో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి దొరికింది. శుద్ధి చేశామని ఎవరెంత చెప్పినా, లూపస్ ఉన్న కిడ్నీకి లోహం చూపించకండి.

అతిమధురం మంచి మూలికే అని దగ్గుకి చప్పరిస్తుంటాం. స్టెరాయిడ్ వాడేవాళ్లకి అది పడదు. బీపీ పెంచుతుంది, ఒంట్లో నీరు నిలుపుతుంది, పొటాషియం తగ్గిస్తుంది, స్టెరాయిడ్ ప్రభావాన్నీ పెంచుతుంది. దగ్గు సిరప్‌లలో, గొంతు బిళ్లల్లో కూడా ఉంటుంది, అట్ట మీద చదవండి. రోగనిరోధక శక్తిని తగ్గించే టాక్రోలిమస్ వాడేవాళ్లు పంపరపనస తినే ముందు డాక్టరుని అడగాలి. ఆ పండు రక్తంలో ఆ మందు మోతాదును పెంచేస్తుంది.

మూడోది పేరు లేని పొడి. కీళ్లనొప్పులకి పొట్లాల్లో కట్టి ఇచ్చే పొడులు, నల్ల గుళికలు తిన్న రెండో రోజుకే నొప్పి మాయమైతే సంతోషించకండి, అనుమానించండి. ఏ ఆకూ అంత తొందరగా లూపస్ నొప్పి తీయదు. ఇలాంటి వాటిలో స్టెరాయిడ్, నొప్పి మాత్రల పొడి కలిపి అమ్మడం మామూలే. మొహం గుండ్రంగా ఉబ్బడం, ఆకలి విపరీతం కావడం, షుగరు పెరగడం దానికి గుర్తులు. ఇప్పటికే చాలా రోజులుగా తింటున్నారని తెలిస్తే టక్కున ఆపేయకుండా ఆ పొట్లం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. పైన చెప్పిన స్టెరాయిడ్ కారణమే దీనికీ వర్తిస్తుంది.

వాడుకోగలిగినవి వంటింట్లోనే ఉన్నాయి

పసుపు ముందు. ఇరాన్ డాక్టర్లు 2012లో అచ్చువేసిన చిన్న పరిశోధనలో, మందులకు లొంగని లూపస్ కిడ్నీ జబ్బున్న 24 మందిని తీసుకుని, వాళ్లలో ఒక బృందానికి పూటకి 500 మిల్లీగ్రాముల చొప్పున రోజుకి మూడు పూటలు, 3 నెలలు పసుపు ఇచ్చారు. మూత్రంలో ప్రొటీన్, రక్తం తగ్గాయి, పై బీపీ కూడా తగ్గింది. 24 మందే కాబట్టి దీన్ని పట్టుకుని గంతులేయలేం. కానీ ఆ మోతాదు రోజుకి అర చెంచా పసుపు, మనం కూరల్లో, పాలల్లో వేసుకునేదానికి పెద్ద తేడా లేదు. అందుకే అది ధైర్యంగా చెప్పగలిగిన సలహా. పసుపు సారంతో చేసే కర్కుమిన్ మాత్రలు వేరే సంగతి. వాటిలో సాంద్రత చాలా ఎక్కువ, మిరియాల సారం కలిపి ఉంటుంది, అది ఒంట్లోకి ఎక్కే ఇతర మందుల మోతాదును కూడా మార్చగలదు. లివర్ దెబ్బతిన్నవాళ్లూ ఉన్నారు. పసుపు విషయంలో ఇంకో మాట. మరీ మెరిసే పసుపు రంగు కోసం సీసం ఉన్న రంగు కలుపుతుంటారు. కొమ్ములకి కూడా ఆ రంగు పూస్తుంటారు, కాబట్టి మెరుపు లేని పసుపు కొమ్ములు చూసి కొని మరలో ఆడించుకుంటే ఆ బాధ తగ్గుతుంది.

అవిసె గింజలు దొరుకుతాయి, చవక. లూపస్ కిడ్నీ జబ్బున్న కొద్దిమందికి రోజుకి 30 గ్రాముల అవిసె గింజల పొడి ఇచ్చి చేసిన చిన్న పరిశోధన ఒకటి 1990లలో వచ్చింది, కిడ్నీ పనితీరులో మెరుగు కనిపించింది. మీరు రోజుకి ఒక చెంచాతో మొదలుపెట్టండి, దోరగా వేయించి పొడి చేసి మజ్జిగలో కలుపుకోవచ్చు. నీళ్లు బాగా తాగాలి, లేకపోతే కడుపు గట్టిపడుతుంది. రక్తం పలచబడే మందు వాడుతుంటే డాక్టరుని అడిగి మొదలుపెట్టండి.

చేపల నూనె మాత్రల కంటే చేపే నయం. కళింగపట్నం, భావనపాడు, భోగాపురం వైపు కవళ్లు, కానాగంతలు చవకగా వస్తాయి, వాటిలో ఒమేగా-3 కొవ్వు బాగుంటుంది. పులుసు పెట్టుకోండి, వేపుడు తగ్గించండి. ఎండు చేపలు, ఉప్పు చేపలు మాత్రం బీపీ, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకి వద్దు. ఆవకాయ కూడా వేలితో రాసుకున్నంతే.

చోడి (రాగి) అంబలి గురించి నాకు చాలా ఇష్టంగా చెప్పాలని ఉంది. స్టెరాయిడ్ ఎముకల్లోని కాల్షియంని లాగేస్తుంది, చోళ్లలో 100 గ్రాములకి 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, ఏ ఇతర ధాన్యంలోనూ అంత లేదు. మన తాతల తిండి ఇప్పుడు లూపస్ మనిషికి మందు పక్కన నిలబడగలిగే తిండి. పొద్దున్నే వేళ్లు బిగుసుకుని ముద్ద కలపలేని రోజున గ్లాసుతో తాగేయొచ్చు కూడా. మజ్జిగ కలిపితే ఇంకా మంచిది. కిడ్నీ బాగా పాడైనవాళ్లు మాత్రం పాస్ఫరస్, పొటాషియం లెక్క ఉంటుంది కాబట్టి డాక్టరుని అడగాలి. మునగాకు కూడా అంతే, కిడ్నీలు బాగున్నవాళ్లకి పప్పులో వేసుకోవడానికి అద్భుతం, పొటాషియం పెరిగినవాళ్లకి కాదు.

రక్తం పలచబడే వార్ఫరిన్ మందు వాడేవాళ్లు ఆకుకూరల విషయంలో ఒక పద్ధతి పాటించాలి. తోటకూర, మునగాకు, పాలకూరల్లోని విటమిన్ కె ఆ మందుకి ఎదురుగా పనిచేస్తుంది. మానేయమని కాదు, వారంలో ఎన్నిసార్లు తింటున్నారో అన్నిసార్లే తినండి. ఒక వారం రోజూ, తర్వాత వారం అసలే లేకుండా తింటే రక్తం పలచదనం తలకిందులవుతుంది. అల్లం టీ, తులసి ఆకులు నాలుగైదు వేసిన వేడినీళ్లు అందరూ తాగొచ్చు. వార్ఫరిన్ ఉన్నవాళ్లు అల్లం మాత్రలు, అల్లం రసం కప్పులకి కప్పులు తాగకండి.

విటమిన్ డి మూలిక కాదు, అయినా చెప్పక తప్పదు. ఎండకి దూరంగా ఉండాల్సిన జబ్బు ఇది, కాబట్టి డి తగ్గడం మామూలు. పరీక్ష చేయించుకుని డాక్టరు రాసినంత వేసుకోండి. డి కోసం ఎండలో కూర్చోకండి.

ఎండ, చర్మం, పూత మందులు

లూపస్‌లో ఎండ అంటే చర్మం కందడం ఒక్కటే కాదు. అతినీలలోహిత కిరణాలు చర్మకణాలను చంపితే, ఆ చచ్చిన కణాల వల్ల లోపల జబ్బు కూడా రేగుతుంది. పొద్దున్న 10 నుంచి సాయంత్రం 4 దాకా వీలైనంత నీడలో ఉండండి. నాట్లకి, జీడితోటలకి వెళ్లక తప్పనివాళ్లు పొడుగు చేతుల రవిక, మెడ కప్పే తువ్వాలు, గొడుగు వాడండి. ఎస్‌పీఎఫ్ 50 సన్‌స్క్రీన్ మొహానికి, మెడకి, చేతులకి బయల్దేరే ముందు రాసుకుని రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. సముద్రం ఒడ్డున ఇసుక మీద నుంచి కూడా కిరణాలు తిరిగి కొడతాయి.

అరసవల్లి గురించి అడుగుతారు, ముఖ్యంగా చర్మవ్యాధులు పోతాయని మొక్కుకున్నవాళ్లు. మొక్కు తీర్చుకోండి, ఎవరూ ఆపరు. సూర్యుడు నడినెత్తికి వచ్చేలోపు తెల్లవారుజామునే దర్శనం అయ్యేటట్టు చూసుకోండి, రథసప్తమి రద్దీలో గంటల తరబడి ఎండలో క్యూలో నిలబడకండి. ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పి వేరే రోజు వెళ్లినా స్వామి ఏమీ అనుకోడు. రథసప్తమి స్నానానికి జిల్లేడు ఆకులు తల మీద పెట్టుకునేటప్పుడు తుంచిన చోట కారే పాలు కళ్లలోకి రాకుండా చూడండి. ఆ పాలు కంటికి గట్టి దెబ్బ కొడతాయి. ముందు రోజే కోసి, కడిగి, ఆరబెట్టి వాడుకోవచ్చు. విజయనగరం సిరిమానోత్సవం రోజు కూడా అంతే, నీడనున్న మేడ మీద నుంచి చూడండి.

పూతల్లో అన్నిటికంటే ప్రమాదం బావంచాల నూనె. బొల్లికి వాడే మందు అది. చర్మాన్ని ఎండకి ఇంకా సున్నితం చేయడమే దాని పని. లూపస్ మచ్చను బొల్లి అనో మంగు అనో పొరబడి ఇది రాస్తే ఎండకి కాలి బొబ్బలెక్కుతుంది. నిమ్మరసం మొహానికి రాసుకుని బయటికి వెళ్లినా అలాంటి కాలుడే. పొడి చర్మానికి, దురదకి కొబ్బరి నూనె, కలబంద గుజ్జు చాలు. కలబంద కోశాక పసుపుపచ్చగా కారే జిగురు పూర్తిగా పోయేదాకా నిలబెట్టి, కడిగి, లోపలి గుజ్జే రాయండి. ముందు మోచేతి లోపల కాస్త రాసి ఒక రోజు చూడండి.

పలాస, కాశీబుగ్గ జీడి పరిశ్రమల్లో పనిచేసే అక్కలకి చెబుతున్నాను. జీడిపిక్క పెంకులోని నూనె మామూలు చర్మాన్నే కాలుస్తుంది. లూపస్ చర్మానికి ఆ గాయం మానడానికి ఎక్కువ కాలం పడుతుంది, అక్కడే కొత్త మచ్చలు మొదలవుతాయి. చేతితొడుగులు లేకుండా పెంకు పనికి కూర్చోకండి, వీలైతే జీడిపప్పు ఏరే, పొట్టు తీసే పనికి మారండి. కీళ్లకి నల్లజీడి చుక్కలు పెట్టించుకోవడం కూడా అందుకే వద్దు, అది కూడా జీడి జాతిదే.

జుట్టు రాలడానికి గుంటగలగర నూనె రాసుకుంటే నష్టం లేదు. కానీ జబ్బు అదుపులోకి వస్తేనే జుట్టు తిరిగి వస్తుంది. తలలో గుండ్రంగా మచ్చ కట్టి వెంట్రుకలు పోతుంటే నూనెతో కాలం గడపకుండా చర్మం డాక్టరుకి చూపించండి. మచ్చ ముదిరితే అక్కడ మళ్లీ మొలవదు.

కీళ్లనొప్పులకి

వావిలాకు మరగబెట్టిన నీళ్లతో స్నానం మన బాలింతలకి తెలిసిన వైద్యమే. గోరువెచ్చగా చేతులు, కాళ్లు ముంచి పావుగంట ఉంచితే పొద్దున్నటి బిగుతు సడలుతుంది. వేడినీళ్ల గుణం ఎంతో, ఆకు గుణం ఎంతో నేను తేల్చలేను, హాయి మాత్రం నిజం. నువ్వుల నూనె గోరువెచ్చగా రాసి మెల్లగా మర్దన చేయించుకోవచ్చు. ఆముదం రాసి వెచ్చచేసిన ఆముదపాకు కట్టుకోవచ్చు. జిల్లేడు ఆకు కట్టు మాత్రం వద్దు. కీలు ఎర్రగా వాచి కాలుతుంటే మర్దన చేయకండి, గట్టిగా లాగనివ్వకండి. ఒక్క కీలే అలా వాచి జ్వరం కూడా ఉంటే అందులో చీము పట్టి ఉండవచ్చు, అది వెంటనే ఆసుపత్రి పని.

మందుల షాపులో అడగ్గానే ఇచ్చే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లూపస్ కిడ్నీకి నాటు మందంత ప్రమాదం. నొప్పికి ముందు పారాసిటమాల్, అదీ మోతాదు దాటకుండా. యాంటీబయోటిక్ రాసేటప్పుడు లూపస్ ఉందని చెప్పండి, సల్ఫా మందులు కొందరిలో జబ్బును రేపుతాయి.

చలికాలంలో వేళ్లు తెల్లగా, తర్వాత నీలంగా మారేవాళ్లు చన్నీళ్లలో గిన్నెలు తోమకండి.

బాలింతలకి

గర్భం ఎప్పుడు అన్నది డాక్టరుతో ముందే మాట్లాడుకోవాలి. మైకోఫినొలేట్, మెథోట్రెక్సేట్, సైక్లోఫాస్ఫమైడ్ మందులు కడుపులో బిడ్డకి హాని చేస్తాయి, హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రం కొనసాగిస్తారు. జబ్బు కనీసం ఆరు నెలలు నెమ్మదించాక గర్భం దాల్చడం మంచిది. కాన్పు తర్వాత జబ్బు రేగే అవకాశం ఉంటుంది, సరిగ్గా అప్పుడే ఇంట్లో కాయం మందు, పథ్యం మొదలవుతాయి. కాయంలో ఏమేం వేశారో రాయించుకోండి. శొంఠి, మిరియాలు, బెల్లం వరకు కొద్దిగా అయితే ఫరవాలేదు, పేరు తెలియని వేళ్లు, అశ్వగంధ కలిసినది వద్దనండి. పథ్యం పేరుతో పప్పు, కూరలు, నీళ్లు తగ్గించడం అసలే వద్దు. "అత్తయ్యా, డాక్టరమ్మ నీళ్లు బాగా తాగమన్నారు" అని చెప్పేస్తే చాలాసార్లు గొడవ ఉండదు. కిడ్నీ వాపు ఉండి నీళ్లకి లెక్క చెప్పినవాళ్లు ఆ లెక్కే పాటించాలి.

కొత్తది ఏదైనా మొదలుపెట్టే పద్ధతి

ఒకసారికి ఒక్కటే. రెండు మూడు కలిపి మొదలుపెడితే ఏది పడిందో, ఏది పడలేదో ఎప్పటికీ తెలియదు. జబ్బు రేగి ఉన్న రోజుల్లో, స్టెరాయిడ్ తగ్గిస్తున్న రోజుల్లో అసలు మొదలుపెట్టకండి. మొదలుపెట్టే ముందు లివర్, కిడ్నీ, మూత్ర పరీక్షలు చేయించి నోటుబుక్కులో రాసుకోండి, నెల తర్వాత అవే పరీక్షలు మళ్లీ చేయించండి. తేదీ, మోతాదు, ఎక్కడ కొన్నారు, ఆ వారం నొప్పి, నిద్ర, మొహం మీద పొక్కు ఎలా ఉన్నాయి అన్నది నాలుగు ముక్కలు రాయండి. ఆపరేషన్ ఉందంటే రెండు వారాల ముందే మూలికలన్నీ ఆపి డాక్టరుకి చెప్పండి.

కొనేటప్పుడు లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, లోపల ఏముందో రాసి ఉన్నదే కొనండి. "వైద్యుల పర్యవేక్షణలోనే వాడాలి" అన్న హెచ్చరిక అట్ట మీద ఉంటే అందులో విషలక్షణం ఉన్న పదార్థం ఉందని అర్థం చేసుకోండి. సంతలో విడిగా అమ్మే వేళ్లు తెచ్చినవాడి మాట తప్ప మరే ఆధారం లేనివి. ఒకేలా కనిపించే వేళ్లు చాలా ఉంటాయి.

ఆయుర్వేద వైద్యుడిని కలవాలనుకుంటే చదువుకున్న, రిజిస్టర్ అయిన వైద్యుడినే కలవండి. లూపస్ అని చెప్పండి, మాత్రలన్నీ, రిపోర్టులన్నీ ముందు పెట్టండి. ఇందులో ఏమేం ఉన్నాయి, భస్మం ఉందా, నా మాత్రలతో కలుస్తుందా అని అడగండి. నిదానంగా సమాధానం చెప్పి, రాసి ఇచ్చే వైద్యుడైతే మంచిదే. ఇంగ్లీషు మందులు ఈ రోజే ఆపేయండి, జబ్బు శాశ్వతంగా పోగొడతాను అన్న మాట వినబడితే ఫీజు వదిలేసి లేచి వచ్చేయండి.

మీ రుమటాలజిస్టుకి మూలికల మాట చెప్పడానికి మొహమాటపడకండి. తిడతారని దాచేవాళ్లే ఎక్కువ. పరీక్షల్లో లివర్ లెక్క పెరిగితే కారణం తెలియక మీకు పనిచేస్తున్న మంచి మందునే ఆపేస్తారు.

ఇవి కనిపిస్తే మూలికలన్నీ ఆపి ఆసుపత్రికి

మూత్రం నురగలు కట్టడం, ఎర్రగానో టీ రంగులోనో రావడం, పొద్దున్నే కళ్ల కింద ఉబ్బు, కాళ్ల వాపు. కళ్లు పచ్చబడటం, అన్నం వాసనే పడకపోవడం, కుడి పక్కటెముకల కింద నొప్పి. స్టెరాయిడ్ లేదా రోగనిరోధక శక్తి తగ్గించే మందు వాడుతూ 100 దాటిన జ్వరం. ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పోటు, ఆయాసం. ఫిట్స్, మాట తడబడటం, ఒక పక్క బలం లేకపోవడం, మనిషి వింతగా మాట్లాడటం. ఒక్క కాలే వాచి నొప్పి పెట్టడం. ఒంటి మీద ఎర్రటి చిన్న చుక్కలు, చిగుళ్ల నుంచి రక్తం.

వీటిలో ఏదైనా ఉంటే కామెర్లకి పసరు పోయించుకోవడానికో దిష్టి తీయించడానికో ఒక పూట కూడా పోనివ్వకండి. ఊపిరి అందకపోయినా, ఫిట్స్ వచ్చినా, ఛాతీ నొప్పి ఉన్నా 108కి ఫోన్ చేయండి. సంచిలో మందుల చీటీ, పాత రిపోర్టులు, నోటుబుక్కు పెట్టుకోండి. ఏదైనా మూలిక వాడుతుంటే దాని సీసానో పొట్లమో కూడా అందులోనే పెట్టి, డ్యూటీ డాక్టరు అడగకముందే చేతికివ్వండి.